తొందరపడి వేరుచేయకండి



మా హాల్లోని గాజుతొట్టెలో డిస్కస్ చేపల జంట ఒకటుంది. పళ్ళెంలా గుండ్రంగా ఉంటాయి. వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది. అక్కడి నీరు వెచ్చన. అందుకే మన తొట్టెలోనూ 28 నుంచి 30 డిగ్రీల వేడి ఉండాలి. బోరునీళ్ళలో సున్నం పాలెక్కువ; అందులో గుడ్లు సరిగా పొదగవు. నేను ఫిల్టరు నీళ్ళు కలుపుతాను. కుళాయి నీళ్ళయితే ఒకరోజు నిలవబెట్టి పోస్తాను.

మొదటి కాన్పులో నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను, వినండి. గుడ్లు మూడోనాటికి పొదిగాయి. మరి రెండు మూడు రోజులకు పిల్లలు ఈదసాగాయి. అన్నీ పోయి తల్లి ఒంటినే అంటుకుంటుంటే, తినేస్తుందేమోనని భయపడి, గరిటెతో తీసి వేరే తొట్టెలో వేశాను. నాలుగు రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు.

తర్వాత తెలిసింది. తల్లిదండ్రుల చర్మంమీద ఊరే జిగురే ఆ పిల్లలకు చనుబాలట! తండ్రీ ఇస్తాడండోయ్. ఒకరు అలసిపోతే పిల్లల్ని రెండోవారికి అప్పగిస్తారు. ఆకలితో చంపింది నేనే కదా అని ఎంత బాధపడ్డానో!

రెండోసారి చెయ్యి పెట్టలేదు. పిల్లలు ఈదడం మొదలయ్యాక ఐదారు రోజులకు, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన ఆర్టీమియా రొయ్యపిల్లల్ని కూడా అందించాను. రోజూ కొంత నీరు మార్చాను. రెండు మూడు వారాలు దాటాకే వేరుచేశాను.

ఆ రోజుల్లో మావారు తొట్టె దగ్గరికెళ్ళి లెక్కపెట్టబోతే, "ఉండండి, పిల్లలు పాలు తాగుతున్నాయి" అన్నాను.