కాఫీ హోటలు: కూర్చుండుటయా, నిలుచుండుటయా?

(మన సంఘపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన నాగలమడికలో గుడికి పోవు దారియందున్న పాత కాఫీ హోటలులోని బల్లలను తీసివేసి, నిలుచుండి తినుటకు వీలుగా రాతిపలకల దిమ్మెలు కట్టింపవలెనని దాని యజమానులు తలపెట్టిన సంగతి మీరెరిగినదే. ఈ విషయమున గిరాకీల అభిప్రాయములు తెలిసికొని సభకు నివేదింపుడని కార్యవర్గమువారు వ్యాపారులమైన మాకు పురమాయించిరి. పదునైదు దినములు ఉదయము, సాయంకాలము అచ్చట కూర్చుండి, అడిగి, విని వచ్చితిమి. అందులకైన కాఫీ ఖర్చును సంఘపు లెక్కలో వ్రాయుట లేదు గనుక ఎవరును కలవరపడవలదు.

పెద్దవారి మాట మొదట చెప్పెదము. "నిలబడి మేసేదానికి మేమేమన్నా ఎద్దులమా?" అని ఒక రైతు అడిగినాడు. శెనక్కాయల ధర, హిందూపురపు సంతలో పశువుల బేరము, పిల్ల సంబంధము, కోర్టు వాయిదా, ఇవి అన్నియు ఆ బల్లమీదనే తేలుచుండెనని వారి వాదము. ఇక బస్సుకు పోవు పడుచువారి మాట వేరు. "అయిదు నిమిషాల్లో తిని బస్సెక్కల్ల. పెద్దాయప్పలు లేచేదాకా కాచుకోనుండేదానికి అయితాదా?" అని వారు విసుగుకొనిరి. తేరునాటికి వచ్చిపోవు యాత్రికులకు వేడి ఇడ్లీ, శుభ్రమైన నీళ్లు దొరకిన చాలును. బల్ల మాటయే వారికి పట్టదు. వీరందరికంటెను మమ్ము ఆలోచింపజేసినది కూరగాయలమ్ము ఒక అమ్మ చెప్పిన మాట. "బల్లలుంటే ఏమి, పోతే ఏమి? మేమెన్నడు కూసున్నాము గనక?" అని ఆమె నవ్వినది.

యజమానుల పక్షమును గూడ వినవలెను గదా. నలుగురు వత్తురు, రెండు కాఫీలు చెప్పి నాలుగు లోటాలలో పంచుకొందురు, గంటన్నర కూర్చుందురు. పాలకు, పంచదారకు, గ్యాసుకు, పనివారి జీతములకు డబ్బు ఆ గంటన్నరలోనుండియే రావలెను. వ్యాపారులమగుటచే మాకీ లెక్క సులభముగా బోధపడినది. కదలని సరకు అంగడికెంత బరువో, లేవని గిరాకీ హోటలునకు అంత బరువు. ఆయన కాఫీని మెచ్చుకొననివారు మాకు ఒక్కరును కనబడలేదు. ఆ మెచ్చుకోలుతో గల్లాపెట్టె నిండునా?

ఈ నిలువుకాళ్ల పద్ధతి మన చెంతనే పుట్టినది. 1983లో బెంగళూరు జయనగరమున ఆర్. ప్రభాకరుగారు 'కేఫ్ దర్శిని' అను పేర బల్లలు లేని హోటలును తెరచిరి. డబ్బు ముందు కట్టి చీటి తీసికొనవలెను, చీటి చూపి తిండి తామే తెచ్చుకొనవలెను. చోటు తక్కువ, వడ్డించువారు అక్కరలేదు, అందువలన ధరయు తక్కువ. బీదవాడును శుభ్రముగా తినగలిగెను. దీనిని చెడుగు అనుటకు మాకు నోరు రాదు. అట్లని కూర్చుండబెట్టు హోటళ్లన్నియు అణగిపోలేదు. 1924లో వెలసిన మావళ్లి టిఫిన్ రూమ్స్, 1943లో గాంధీ బజారున వెలసిన విద్యార్థి భవనము నేటికిని గిరాకీలను వాకిట కాచుకొనునట్లు చేయుచున్నవి. మల్లేశ్వరములోని న్యూ కృష్ణభవనము మాత్రము ఏడు దశాబ్దముల పిమ్మట 2024 డిసెంబరులో మూతపడినది. మూసివేత వార్త వినగానే కడసారి తినవలెనని జనము వెళ్లిరి. నడచుచుండగా నెలకొకసారియైన పోని వారెందరో అందులో ఉండియుందురని మా అనుమానము.

ఇంగ్లండు దేశమందును ఇట్టి తగవే చాలకాలముగా నడచుచున్నది. అక్కడ కాఫీకి బదులు బీరు, హోటలునకు బదులు పబ్బు. మద్యమును మెచ్చుకొనుట మా ఉద్దేశము కాదు. సారాయి మన పల్లెలకు చేసిన కీడును, 2007లో కర్ణాటక ప్రభుత్వము దానిని నిషేధించుటను మీరెరుగుదురు. పబ్బు అనగా పబ్లిక్ హౌస్, అనగా నలుగురి ఇల్లు. మోతీహారిలో పుట్టిన ఆంగ్ల రచయిత జార్జి ఆర్వెలు 1946లో తనకు నచ్చిన పబ్బును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. సందడి ఉండవలెను గాని మాట వినబడవలెను, వడ్డించువారు గిరాకీలను ఎరిగియుండవలెను అని ఏకరువు పెట్టి, తుదకు అట్టి పబ్బు ఎచ్చటను లేదని ఒప్పుకొనెను. మన పెద్దలు తలచుకొను పాత హోటలులోను కొంత భాగము ఆ జాతిదే.

ఏలననగా ఆ పాత బల్ల అందరిది కాదు. మన సీమలోని ఎన్నో హోటళ్లలో కొందరికి లోపల బల్ల, కొందరికి వెలుపల వేరు లోటా. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చిన పిమ్మటను ఆ వేరు లోటా చాలయేండ్లు చూరునందు వ్రేలాడుచునే ఉండెను. ఆడువారి సంగతి ఆ అమ్మ చెప్పనే చెప్పినది. ఇంగ్లండువారిని చూచి మనము సిగ్గుపడనక్కరలేదు లెండు: లండనులో ఎల్ వీనో అను మద్యశాల ఆడువారికి గల్లా వద్ద నిలిచి త్రాగుటకు వీలులేదని పట్టుబట్టగా, అది తప్పని న్యాయస్థానము తీర్పు చెప్పినది 1982లో గాని కాదు.

అయినను ఆ బల్లను వదలుకొనరాదని మేమనుటకు మన సంఘమునకు సంబంధించిన కారణమొకటి కలదు. ఈ పావగడ తాలూకా నలుప్రక్కల అధికభాగము ఆంధ్రదేశమే. ఇంట తెలుగు, బడిలో కన్నడము. మన పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడుదురు, చదువనేరరు. మాలో కొందరు తెలుగక్షరములను కూడబలుకుకొని నేర్చినది ఆ బల్లమీది పత్రికనుండియే. ఒక పుట ఒకరు, ఇంకొక పుట ఇంకొకరు పంచుకొని చదువుచుండగా, చదువురానివారు వినుచుండిరి. ప్రక్కనే కన్నడ పత్రిక ఉండెను, తగవు లేదు. ఇప్పుడు పత్రిక రాదు; చేతిలో ఫోను ఉన్నది, ఎవరి ఫోను వారిది. నిలుచుండి తినుచోట ఆ చదువు మరల మొలకెత్తదు.

కావున ఏమి చేయవలెను? మరియొకసారి ఇంగ్లండు మాట. కంబర్లండు ప్రాంతమున హెస్కెట్ న్యూమార్కెట్ అను పల్లె కలదు. అచ్చటి ఓల్డ్ క్రౌన్ అను పబ్బును ఊరివారును దాని అభిమానులును వాటాలు వేసికొని 2003లో సహకార పద్ధతిని కొనిరి. అటుపిమ్మట 2011 చట్టము, ఊరికి అవసరమైన పబ్బును అమ్మకమునకు పెట్టినపుడు ఊరివారు డబ్బు కూర్చుకొనుటకు ఆరుమాసముల గడువు నిచ్చినది. ఇది మనకు క్రొత్తయు కాదు. కాఫీ బోర్డువారు తమ కాఫీ హౌసులను మూసివేయుచుండగా, ఎ.కె. గోపాలనుగారి అండతో పనివారే 1957లో బెంగళూరున సహకార సంఘము పెట్టుకొనిరి. ఆ సంఘమువారి మహాత్మా గాంధీ రోడ్డు హౌసు 2009లో ఆ చోటు కోల్పోయి, చర్చి వీధికి మారి నిలిచినది.

మేము హోటలును కొనుమని చెప్పుట లేదు. యజమానులు అమ్ముదుమనియు అనలేదు. వారితో మాట్లాడి వచ్చితిమి. ముందుభాగమున రాతిదిమ్మెలు వేయుదురు, వెనుక గోడ వెంబడి నాలుగు బల్లలు ఉంచుదురు. వాటిలో ఒకటి ఆడువారిది. బల్లమీద కాఫీకి ధర రెండు రూపాయలు ఎక్కువ. పూర్వము పబ్బులలోను మెత్తని ఆసనముల గదిలో బీరు ధర కొంచెము హెచ్చుగానే ఉండెడిది, దీనిని అన్యాయమనవలదు. ఉదయము ఏడు మొదలు తొమ్మిదివరకు బల్ల తినువారిదే, ఊరక కూర్చుండువారిది కాదు. రెండు తెలుగు పత్రికలకును ఒక కన్నడ పత్రికకును చందా సంఘము కట్టవలెనని వారు కోరిరి. అది సబబని మాకు తోచినది.

బల్లల మరమ్మతునకు వ్యాపారులము మాలో మేము వేసికొనిన మొత్తము సిద్ధముగా ఉన్నది. పత్రికల చందాకు మాత్రము సభవారి అనుమతి కావలెను. రాతిపనివారు వచ్చు సోమవారము దిగుదురట. కావున అధ్యక్షులవారు ఈ విషయమును ఇప్పుడే సభ ఎదుట పెట్టవలసినదిగా ప్రార్థించుచున్నాము.