చంపినవాడు లేని వార్త

(గ్రామ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం)



మాది బడిపంతులు పని. రోజూ పిల్లలకు వ్యాకరణం చెబుతాం. పని చేసినవాడు కర్త, ఆ పని ఎవరి మీద పడితే వాడు కర్మ, జరిగిన పని క్రియ. "రంగయ్య చెట్టును నరికాడు" అంటే నరికింది ఎవరో ఆరో తరగతి పిల్లకు కూడా తెలుస్తుంది. ఇప్పుడు మన వాడల మీద దాడి జరిగినప్పుడు పేపర్లో వచ్చే వాక్యం చూడండి. "ఇరువర్గాల ఘర్షణ, ఎనిమిది మంది మృతి." ఇందులో కర్త ఎవరు? నరికినవాడు ఎక్కడికి పోయాడు? చచ్చినవాళ్లు తమంతట తామే చచ్చినట్టు లేదూ? మా పిల్లలు ఇట్లా రాస్తే తప్పు కొట్టి మళ్లీ రాయమంటాం. పేపర్లను మళ్లీ రాయమనేవాళ్లు ఎవరు? ఈ రోజు మన పాఠం అదే.

1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆడవాళ్లను చెరిచారు. ఇదీ కర్త ఉన్న వాక్యం. దీన్నే "చెరువు దగ్గర గొడవ ఘర్షణకు దారితీసింది" అని రాయొచ్చు. అప్పుడేమవుతుంది? మన తాగేనీళ్లను మురికి చేస్తుంటే ఇదేంటని అడగడమే ఆరు హత్యలకు కారణమవుతుంది. నేరం అడిగినవాళ్ల మీదికి జరుగుతుంది.

చుండూరు సంగతీ అంతే. 1991 ఆగస్టు 6న పోలీసులు ఊళ్లో ఉండగానే అగ్రకుల పెత్తందార్లు దళితులను పొలాల్లో తరిమి తరిమి ఎనిమిదిమందిని చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కారణమేంటంటే "సినిమా హాల్లో కాలు తగిలింది" అంటారు. కాలు తగిలితే ఎనిమిది ప్రాణాలు పోతాయా? ఆ ఊళ్లో మన పిల్లలు చదువుకున్నారు. రైల్వేలో ఉద్యోగాలు సంపాదించుకున్నారు. దొరల పొలం మీదే బతకాల్సిన గతి తప్పింది. తల ఎత్తి నడిచారు. వాళ్లకు తగిలింది కాలు కాదు, ఆ తల.

ఒక్క లెక్క చూడండి. సినిమా హాలు గొడవ జూలై మొదట్లో. హత్యలు ఆగస్టు 6న. మధ్యలో నెల రోజులు ఏం జరిగింది? వెలివేత జరిగింది. మనవాళ్లను పనుల్లోకి పిలవలేదు. ఆ నెల రోజుల్లో శవాలు లేవలేదు కాబట్టి పేపరు లెక్కలో ఆ ఊరు ప్రశాంతంగా ఉన్నట్టే. విలేకర్లు, కెమెరాలు, మంత్రులు శవాలు లేచాకే వచ్చారు. జూలైలో రావాల్సినవాళ్లు ఆగస్టులో వచ్చారన్నమాట.

నార్వే దేశంలో జోహాన్ గాల్టుంగ్ అనే పండితుడు ఉండేవాడు. 2024లో చనిపోయాడు. యుద్ధాల గురించి పేపర్లు ఆటల పోటీ మాదిరి రాస్తున్నాయన్నాడాయన. ఎవరు గెలిచారు, ఎన్ని వికెట్లు పడ్డాయి అన్నట్టు. అట్లా కాదు, రోగం గురించి రాసినట్టు రాయండి అన్నాడు. రోగం ఎందుకొచ్చింది, ఎట్లా తగ్గుతుంది, మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి. దీన్నే శాంతి పాత్రికేయం అంటున్నారు. ఆకలి, వివక్ష కూడా హింసేనని, కత్తి కనపడకపోయినా అది మనిషిని చంపుతుందని 1969లోనే రాశాడు. ఆ సంగతి మన అమ్మమ్మలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఇక్కడ జాగ్రత్త. శాంతి అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది శాంతి కమిటీ. దాడి అయిన మూడో రోజు ఆఫీసర్లొస్తారు. ఇరువైపుల పెద్దల్ని కూర్చోబెడతారు. కేసు వెనక్కి తీసుకోండి, ఊళ్లో కలిసి బతకాలి గదా అంటారు. కొట్టినవాళ్లు పెట్టిన ఎదురు కేసు చూపించి బెదిరిస్తారు. మర్నాడు పేపర్లో "గ్రామంలో ప్రశాంతత" అని వస్తుంది. ఎవరి ప్రశాంతత అది? మనం కోరే శాంతి కూలి దొరికే శాంతి, నీళ్లు తోడుకునే శాంతి, కేసు కోర్టుదాకా పోయే శాంతి. ఇంకో మాట. కులం మొత్తాన్ని హంతకులని రాయమని మనం అడగడం లేదు. చేసినవాడిని చేశాడని రాయమంటున్నాం.

ఇప్పుడు మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కింద మా పక్క ఊళ్లో జాతరకు డప్పు కొట్టమన్నందుకు మనవాళ్లను వెలివేశారు. కొట్లో ఉప్పు ఇవ్వలేదు, ఆటో ఎక్కనివ్వలేదు. మేము నలుగురం కాగితం రాసుకుని ఒక విలేకరి దగ్గరికి పోయాం. మనిషి మంచివాడే. చదివి, "ఎవరికైనా దెబ్బలు తగిలాయా మాస్టారూ? ఆస్పత్రిలో ఉన్నారా?" అన్నాడు. లేదన్నాం. "అయితే వార్త కాదండీ" అన్నాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాం. పోలీసు స్టేషన్‌కూ ఇవ్వలేదు, తహసీల్దారుకూ ఇవ్వలేదు. పదకొండో రోజు వాడ మీద రాళ్లు పడ్డాయి. ఒక పెద్దాయనకు తల పగిలింది. కుడికన్ను పోయింది. అప్పుడు వార్తయింది. "ఇరువర్గాల ఘర్షణ, పలువురికి గాయాలు." గాయాలైనవాళ్లంతా మనవాళ్లే. ఆ పెద్దాయన ఎదురైతే ఇప్పటికీ మేము తల దించుకుంటాం.

ఆ విలేకరిని తిట్టి లాభం లేదు. వార్తలు రాసేవాడే ప్రకటనలూ తేవాలి. ప్రకటన ఇచ్చేది ఊరి కాంట్రాక్టరు, మిల్లు యజమాని. పైన కూర్చున్నవాళ్లెవరు? 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక్క దళిత విలేకరి కోసం వెతికి, దొరకలేదని రాశాడు. 2019లో ఆక్స్‌ఫాం, న్యూస్‌లాండ్రీ లెక్క తీస్తే పత్రికలు, టీవీల్లో 121 పెద్ద కుర్చీలకు 106 అగ్రకులాలవే. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటీ లేదు. బాబాసాహెబ్ 1920లో మూక్‌నాయక్ పెట్టింది ఇందుకే. నోరు లేనివాళ్లకు ఎవరో నోరిస్తారని ఆయన కాచుకుని కూర్చోలేదు.

మరి మనం చెయ్యాల్సిందేంటి?

ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, టైము, స్థలం, ఎవరు ఎవరిని ఏమన్నారు, చూసినవాళ్లెవరు, అన్నీ అదే రోజు రాయండి. చిన్నది గదా అని వదలొద్దు. కూలికి పిలవని రోజే మొదటి వార్త. చుండూరు కేసులో ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎప్పుడు చంపారు, ఎక్కడ చంపారు, ఎవరు కొట్టారు అన్నది రుజువు కాలేదంది. మన నోటుబుక్కులో ఉండాల్సినవి సరిగ్గా ఆ మూడే.

వెలివేత ఇప్పుడు నేరం. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో ఆ మాట చేరింది. అది 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. రక్తం కారేదాకా ఆగనక్కర్లేదు. మొదటి రోజే ఫిర్యాదు ఇవ్వండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోండి. ఆ నకలు పట్టుకుని విలేకరి దగ్గరికి పోండి. "వార్త కాదండీ" అనడం అప్పుడు అంత తేలిక కాదు.

ఫోను చేతిలో ఉంది గదాని చూడనిది పంపొద్దు. చెరచబడ్డ ఆడబిడ్డ పేరు, ముఖం ఎక్కడా పెట్టొద్దు. ఒక్క అబద్ధం దొర్లితే తొమ్మిది నిజాలూ దానివెంట కొట్టుకుపోతాయి.

పేపర్లో "ఘర్షణ" అని పడితే సంపాదకుడికి ఒక్క వాక్యం ఉత్తరం రాయండి. "అయ్యా, మీ వాక్యంలో కర్త లేడు, పేరు ఇదిగో" అని. పదిమంది రాస్తే చించేస్తారు. ప్రతి ఊరినుంచీ రాస్తే చదువుతారు. తోచకపోతే మీ పిల్లల చేత రాయించండి. వాళ్లకు వ్యాకరణం మేము చెబుతాం.

జై భీమ్.