గడ్డి కట్టలు - నా తిప్పలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మిత్రులారా, ఎవరెవరు ఏ దేశంలో ఏం చేస్తున్నారో ఇందాక విన్నాం. నేను ఊళ్లోనే ఉండి వరిగడ్డి కట్టిస్తున్నాను. లెక్క తప్పినప్పుడల్లా మాస్టారు "గడ్డి తింటున్నావురా?" అనేవారు. లేదు మాస్టారూ, కడుతున్నాను.

మా నాన్న హయాంలో నూర్పిళ్లు కాగానే గడ్డి వాము వేసేవారు. వాన నీరు లోపలికి దిగకుండా పైన వాలు పెట్టేవారు. ఏడాదంతా గేదెలకు అదే మేత. ఇప్పుడు కోత మిషన్ గడ్డిని చేలోనే వదిలేసి పోతుంది. దాన్ని చుట్టలు కట్టడానికి ట్రాక్టర్ వెనక బేలర్ రావాలి. డ్రైవర్‌కి ఫోన్ చేస్తే "పక్క చేలోనే ఉన్నా బాబాయ్" అంటాడు. ఆ పక్క చేను ఏ మండలంలోదో మాత్రం చెప్పడు.

వచ్చాక మంచు ఆరాలి. పదింటికి మొదలుపెడితే పదకొండింటికి తాడు అయిపోతుంది. తాడు తెచ్చేసరికి భోజనాల వేళ. కట్టిన చుట్ట గట్టు మీద నిలబడదు, కాలువలోకి దొర్లుతుంది. దాన్ని పట్టుకోబోయి ఒకసారి నేనూ దొర్లాను.

నిరుడు మబ్బు చూసి తొందరపడి, తడి ఆరకముందే సగం కట్టించాను. వారానికి ఒక చుట్ట విప్పితే లోపల వేడి, బూజు. మా గేదె వాసన చూసి, తల ఎత్తి నా మొహం చూసింది.

మిగతా సగం ఆరాక మిషన్ దొరకలేదు. మొక్కజొన్న విత్తే అదను దాటిపోతోంది. చుట్టూ చేలు తగలబెడుతున్నారు. నేనూ అగ్గిపెట్టె తీశాను. గాలి మన బడి వైపు వీస్తోంది. లోపల పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. అగ్గిపెట్టె జేబులో పెట్టేశాను.

మన బ్యాచ్ వాళ్లు ముగ్గురు వచ్చారు. రెండు రోజులు గడ్డి లాగి వాము వేశాం. వంకరగా వచ్చింది, నాన్న చూస్తే నవ్వేవాడే. కానీ లోపలికి చుక్క దిగలేదు.

స్వర్ణోత్సవ గుర్తుగా బడికి గేటు కట్టిద్దామంటున్నారు. సంతోషం. దాంతోపాటు ఊరికి ఒక బేలర్ సంగతి కూడా ఆలోచించండి. పొగ లేకపోతే గేటు దూరం నుంచే కనిపిస్తుంది.

సెలవు.