ముద్ర లేని ఆయిలు డబ్బా

(గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ప్రజల ధనముతో కొనబడు ప్రతి వస్తువును పరీక్షించి కొనుట మన విధి. 2019లో ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమములో తెలంగాణ గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరిన పిమ్మట ఇంజను ఆయిలు కూడ మన పద్దులలో చేరినది. ఆయిళ్లలో “హై మైలేజి” అను రకమొకటి కలదు. అట్టి డబ్బాలు కొన్నింటిపై బండ్లు తయారుచేయు కంపెనీల ఆమోదముద్ర ఉండదు. ముద్ర లేనంత మాత్రమున అది కల్తీ సరుకా? ఈ ప్రశ్నను నేడు విచారింతము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. మన వాడుకలో మైలేజి యనగా లీటరుకు బండి నడచు దూరము. ఇచ్చట అర్థమది కాదు. 75 వేల మైళ్లు, అనగా సుమారు 1,20,000 కిలోమీటర్లు దాటి నడచిన పాత కార్ల కొరకు అమెరికాలో ఈ రకము పుట్టినది. 2000లో వాల్వొలీన్ కంపెనీ ‘మాక్స్‌లైఫ్’ అను పేరుతో దీనిని విక్రయించ నారంభించెను. కావున దీనిని పోసినచో ఇంధనము ఆదా యగునని తలచుట పొరపాటు.

ఇంజను పాతబడిన కొలది రబ్బరు సీళ్లు గట్టిపడి, కుంచించుకొని, ఆయిలు కారును. పిస్టను రింగులు అరిగి, ఆయిలు కాలిపోవును. లోపల మడ్డి పేరుకొనును. అందుచేత హై మైలేజి ఆయిలులో సీళ్లను మెత్తపరచి కొంచెము ఉబ్బించు ద్రవ్యములను, మడ్డిని కడుగు ద్రవ్యములను, అరుగుదలను తగ్గించు ద్రవ్యములను చేర్తురు. ఆయిలును కొంత చిక్కగా కూడ చేయుదురు.

ఈ మేలు కొరకు చేసిన మార్పులే ముద్రకు అడ్డు వచ్చుట కలదు. 2020 మే నెలలో అమలులోనికి వచ్చిన ఐ.ఎల్.ఎస్.ఎ.సి. జి.ఎఫ్.-6 ప్రమాణము ప్రకారము ఆయిలులో భాస్వరము నూటికి 0.08 పాళ్లు మించరాదు. ఆయిలు కాలినపుడు భాస్వరము పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరును చెరచును. అయితే అరుగుదలను తగ్గించు ప్రధాన ద్రవ్యములో ఉండునది ఆ భాస్వరమే. దానిని హెచ్చుగా వేసిన ఆయిలు ఆ ప్రమాణమునకు వెలియగును. ఇంధనము ఆదాచేయు పరీక్షలో నెగ్గుట చిక్కని ఆయిలుకు కష్టము. 10డబ్ల్యు-40 వంటి చిక్కని గ్రేడు ఆ ప్రమాణములో చేరనే చేరదు. రబ్బరు ఎంతవరకు ఉబ్బవచ్చునో దానికిని హద్దు కలదు.

ఖర్చు మరియొక కారణము. ప్రతి మిశ్రమమును ఇంజనులలో పోసి పరీక్షింపవలెను. జనరల్ మోటార్సు వారి ‘డెక్సాస్’ ముద్రకు లైసెన్సు పొందవలెను. బండ్ల కంపెనీలు తమ ప్రమాణములను ముఖ్యముగా క్రొత్త ఇంజనులను, గ్యారంటీని దృష్టియందుంచుకొని వ్రాయును. గ్యారంటీ తీరిన బండ్లకొరకు చేయు ఆయిలుకు ఆ ఖర్చు గిట్టదని ఉత్పత్తిదారు తలచవచ్చును.

కావున ముద్ర లేమి దోషమునకు నిదర్శనము కాదు. అట్లని గుణమునకును నిదర్శనము కాదు. అప్పుడు మనకు మిగులునది అమ్మువాని మాట మాత్రమే. హై మైలేజి ఆయిళ్లలో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి గుండ్రని ముద్ర గలవియు ఉన్నవి. “లైసెన్సు పొందినది” అనుట వేరు, “తగినది” అనుట వేరు. మొదటిది పరీక్షకు నిలిచి పొందిన హక్కు. రెండవది తయారుచేయువారు స్వయముగా చెప్పుకొను మాట.

మన ట్రాక్టర్లు డీజిలు ఇంజనులు. ఆ సంస్థ గుర్తులలో ‘ఎస్’తో మొదలగునవి పెట్రోలు ఇంజనులకు, ‘సి’తో మొదలగునవి డీజిలు ఇంజనులకు ఉద్దేశింపబడినవి. పాత పెట్రోలు కారుకు మేలు చేసిన డబ్బా ట్రాక్టరుకును మేలు చేయునని తలపరాదు.

పంచాయతీలు పాటింపదగిన పద్ధతి సులభము. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకములోని గ్రేడును, గుర్తును కొనుగోలు తీర్మానములో వ్రాయుడు. డబ్బాపై అవే ఉన్నవో లేవో చూచి బిల్లు పుచ్చుకొనుడు. ఆయిలు మార్చిన తేదీని, అవర్ మీటరు లెక్కను రిజిస్టరులో ఎక్కించుడు. గ్యారంటీ కాలములో పుస్తకము చెప్పని ఆయిలు పోయకుడు. ఆయిలు కారుచున్నచో ముందు మెకానిక్కునకు చూపుడు. తెగిన సీలును ఏ ఆయిలును అతుకజాలదు.

ఇంజను చెడినచో చెత్త యెత్తు బండి నిలిచిపోవును, చెట్లకు నీరు పోయు ట్యాంకరు కదలదు, మరమ్మతు ఖర్చు ఊరి నెత్తిన పడును. డబ్బాపై పేరును గాక, పుస్తకములోని మాటను నమ్ముడు.