జనాభా లెక్కలు – హద్దుల సంగతి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జనాభా లెక్కలంటే ఉపాధ్యాయులమైన మాకు కొత్త కాదు. గడపగడపా తిరిగేది మేమే గదా! ఒక్కొక్కరికి ఒక బ్లాకు ఇస్తారు. ఒక మనిషి తిరగగలిగినంత మేరే దాని హద్దు. తిరగడానికి అది బాగానే ఉంటుంది. కానీ అంకెలు ప్రకటించడానికి కూడా అదే హద్దు సరిపోతుందా?

ఈ ప్రశ్న మీదనే ఒక భూగోళ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పనిచేసినారు. ఆయన సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు డేవిడ్ మార్టిన్. ఇంగ్లండులో 1991 లెక్కల వరకు ఎన్యూమరేటరు తిరిగిన మేరకే అంకెలు కూడా అచ్చయ్యేవి. 2001లో ఆ రెండు హద్దులనూ వేరు చేసినారు. స్టాన్ ఓపెన్‌షా అనే మరో భూగోళవేత్త 1977లో చెప్పిన పద్ధతిని కంప్యూటరుకు అప్పగించి, తపాలా కోడుల తునకలను కలిపీ విడదీసీ, ఇంగ్లండు, వేల్సులకు 1,75,434 చిన్న మండలాలు తయారుచేసినారు. ఒక్కొక్కదానిలో ఇంచుమించు 125 ఇళ్లు ఉండాలి, ఒకే రకం ఇళ్లు ఒక వైపు రావాలి. 40 ఇళ్లకు, 100 మందికి తగ్గరాదు. తగ్గితే ఫలానావారి సంగతి పక్కింటివారికి తెలిసిపోతుంది!

ఇదంతా మనకెందుకంటారా? ఊహకు ఒక లెక్క చెప్తాం. ఒక మొహల్లాలో ఉర్దూ మాట్లాడే ఇళ్లు 60 ఉన్నాయనుకోండి. అవన్నీ 120 ఇళ్ల ఒకే హద్దులో పడితే సగానికి సగం. అంతేసి ఇళ్లుండే నాలుగు హద్దుల్లోకి చీలితే ఒక్కోచోట 15 ఇళ్లు, అంటే నూటికి పన్నెండున్నర. మనుషులు వారే, ఇళ్లు అవే!

మన దేశంలోనే చూడండి. మైనారిటీల కోసం 2008–09లో కేంద్రం తెచ్చిన బహుళ రంగాల అభివృద్ధి కార్యక్రమానికి 90 జిల్లాలను ఎంచుకున్నారు. జిల్లా మొత్తం లెక్కలో చిన్న పేటలు మరుగున పడినవి. పన్నెండో ప్రణాళికలో జిల్లాను వదిలి బ్లాకులు, పట్టణాలను పట్టుకున్నారు. అంతకుముందు బయట ఉండిపోయిన పేటలకు ఆ ఏళ్లు తిరిగి రావు గదా.

మన నిమ్మనపల్లె మండలం 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుండి అన్నమయ్య జిల్లాలోకి పోయింది. ఒక్క కుటుంబమూ కదలలేదు, లెక్క మాత్రం కదిలింది. ఇంగ్లండువారు 2011లో పాత హద్దులను చాలావరకు అలాగే ఉంచినారు, పదేళ్ల మార్పు తెలియాలని. ఇక్కడ 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పటి నుండి పాత పట్టికను కొత్తదానితో పోల్చబోతే తల తిరుగుతుంది.

పైగా 2011 మాతృభాష పట్టిక మండలం దాకా వచ్చి ఆగిపోయింది. మన వీధిలో ఎంతమంది పిల్లలు ఉర్దూ బడి ఈడువారో అందులో దొరకదు. అందుచేత 2027 లెక్కల కోసం కాచుకోకుండా, వీధి వారీగా ఇళ్లు, బడి ఈడు పిల్లలు, ఇంటి భాష రాసిన జాబితా ఒకటి ఈ సంవత్సరమే తయారుచేయాలని కార్యవర్గాన్ని కోరుచున్నాము. ఆదివారాలు తిరగడానికి మేము సిద్ధం. ఏ వీధి నుండి మొదలుపెట్టాలో ఇప్పుడే పెద్దలు చెబితే బాగుంటుంది.