ఇల్లు కొంటే బ్రోకరుకి ఎంత?



హైదరాబాదు, విజయవాడల్లో ఇల్లు చూపించిన బ్రోకరు మామూలుగా నూటికి ఒకటో రెండో రూపాయలు కమీషన్ అడుగుతాడు. నూటికి రెండంటే 10 లక్షల ఇంటికి 20,000 రూపాయలు. ఎన్ని రోజుల కూలి అది! ఇది సర్కారు పెట్టిన రేటు కాదు. బేరమాడితే తగ్గుతుంది.

చాలాసార్లు అమ్మేవాళ్ల దగ్గరా తీసుకుంటాడు. ఇంటి ధర పెరిగితే అతని కమీషనూ పెరుగుతుంది. అందుకే "ఇంతకన్నా తగ్గరమ్మా" అంటే వెంటనే తల ఊపొద్దు.

ఇల్లు చూడకముందే కమీషన్ ఎంతో తేల్చుకోండి. కాగితం మీద రాయించుకోండి. ఇప్పుడు చదవడం వచ్చు కదా! ఇల్లు రిజిస్ట్రేషన్ అయ్యాకే డబ్బు ఇస్తామనండి.

రెరాలో నమోదైన కొత్త అపార్టుమెంటా? 2016 నాటి రెరా చట్టం ప్రకారం దాన్ని అమ్మిపెట్టే బ్రోకరూ నమోదు కావాలి. అతని నంబరు అడగండి.