ఫ్రెంచి విప్లవాలలో కార్మికుని వాటా



1789 జూలై 14న బాస్టీలు కోటను పట్టుకొన్నవారిలో వడ్రంగులు, తాళాల పనివారు, చిన్న దుకాణదారులే అధికులు. ఆ విప్లవం భూస్వామ్య పెత్తనాన్ని కూలదోసినదన్న మాట కాదనము. కాని రెండేళ్ళయినా నిండకముందే, 1791 జూన్ 14న, ఆ విప్లవసభయే లె షాపెలియే చట్టం ద్వారా కార్మిక సంఘాలను, సమ్మెలను నిషేధించింది. అదీ స్వేచ్ఛ పేరిట! అక్కడ సమ్మె నేరం కాకుండా పోయినది 1864లో. సంఘం చట్టబద్ధమైనది 1884లో. మన ట్రేడ్ యూనియన్ చట్టం 1926లో వచ్చినదని మీరెరుగుదురు.

1830లో మూడు రోజుల పోరు పారిస్ శ్రామికులది, సింహాసనం లూయీ ఫిలిప్పుది. అంతకుమించి చెప్పుకోదగినది లేదు.

1848 మాత్రం మనలను నిలిపి ఆలోచింపజేస్తుంది. ఫిబ్రవరిలో రాజు పారిపోయాడు. పని కల్పిస్తామని ప్రభుత్వం వాగ్దానం చేసింది. నిరుద్యోగులకై జాతీయ కర్మశాలలు వెలిశాయి. జూన్‌లో వాటిని మూయబూనగా కార్మికులు వీధులకడ్డంగా రాళ్ళు పేర్చి నిలిచారు. వారిపై ఫిరంగులు పేల్చినది రాజు కాదు, పురుషులందరి ఓటుతో ఏర్పడిన రిపబ్లిక్కే.

1871 మార్చిలో కార్మికులు అధికారాన్ని తామే చేపట్టారు. తపాలా అధికారులు పారిస్‌ను విడిచి వర్సాయికి తరలిపోగా, ఆల్బేర్ తైస్ అనే కంచుపనివాడు ఆ శాఖకు అధిపతియై నగరంలో ఉత్తరాల బట్వాడాను తిరిగి నడిపించాడు. తపాలా సోదరులు ఈ పేరు గుర్తుంచుకోవాలి. రొట్టెల బట్టీలలో రాత్రిపని రద్దయింది. 72 రోజులకు వర్సాయి సైన్యం కమ్యూన్‌ను రక్తంలో ముంచింది. తైస్ లండనుకు తప్పించుకొన్నాడు. కమ్యూన్ వారికి పూర్తి క్షమాభిక్ష 1880లో గాని లభించలేదు.